విషం కథలు దాటి గోడరాతల దాకా

ప్రాచీన రోమన్ స్త్రీల గురించి సామాన్య పాఠకుల కోసం రాసే పుస్తకాలలో అగస్టస్ చక్రవర్తి భార్య లివియా విషప్రయోగాలు, క్లౌడియస్ చక్రవర్తి భార్య మెస్సలీనా విలాసాలు లేనిది అరుదు. నేను ఇటీవల చదివిన పుస్తకం కూడా అలాగే మొదలవుతుంది కాబట్టి మొదటి మూడు అధ్యాయాలు నన్ను నిరాశపరిచాయి. అగస్టస్‌కు లివియా అత్తిపండ్లలో విషం పెట్టిందన్న కథను రచయిత్రి జరిగిన సంగతిలాగే చెబుతారు. ఆ అనుమానాన్ని మనకు అందించిన చరిత్రకారుడు కాసియస్ డియో, క్రీ.శ. 29లో లివియా మరణించిన తర్వాత శతాబ్దానికి పైగా గడిచాక పుట్టినవాడన్న మాట మాత్రం ఎక్కడా కనిపించదు. రాజవంశపు స్త్రీలను చెడ్డవారిగా చూపడం వల్ల ఎవరికి లాభం కలిగిందన్న ప్రశ్న వేయకపోవడం చిన్న లోపం కాదు.

నాలుగో అధ్యాయం నుంచి పుస్తకం మారిపోతుంది. అక్కడ ఆధారాలు చరిత్రకారుల ప్రసంగాలు కావు, గోడలూ సమాధి ఫలకాలూ ఉత్తరాలూ. అగ్నిపర్వతపు బూడిద కింద కప్పబడిపోయిన పాంపేయి నగరంలో జూలియా ఫెలిక్స్ అనే ఆస్తిపరురాలు తన స్నానశాలను, దుకాణాలను, మేడగదులను 5 ఏళ్లకు అద్దెకిస్తానని గోడ మీద రాయించిన ప్రకటనను ఆధారం చేసుకుని, సంరక్షకుడి అనుమతి లేకుండా స్త్రీ ఏయే లావాదేవీలు చేయలేకపోయేదో, ముగ్గురు బిడ్డలను కన్న స్వతంత్ర స్త్రీకి అగస్టస్ చట్టాలు ఆ సంరక్షణ నుంచి ఎలా మినహాయింపు ఇచ్చాయో రచయిత్రి ఓపికగా వివరిస్తారు. బానిసత్వం నుంచి విముక్తి పొందిన స్త్రీకైతే నలుగురు బిడ్డలు కావాలి. ఇంత పొడి విషయం ఇంత ఆసక్తిగా చదివించడం తేలిక కాదు.

అన్నిటికన్నా నాకు నచ్చింది బ్రిటన్ ఉత్తర సరిహద్దులోని విండోలాండా కోట అధ్యాయం. సుమారు క్రీ.శ. 100లో ఒక సైనికాధికారి భార్య క్లౌడియా సెవెరా తన పుట్టినరోజుకు రమ్మని మరో అధికారి భార్య సుల్పీసియా లెపిడీనాకు పలుచని చెక్క పలక మీద పంపిన ఆహ్వానంలో, లేఖకుడు రాసిన వాక్యాల కింద ఆమె స్వహస్తంతో చేర్చిన పంక్తులున్నాయి. లాటిన్‌లో స్త్రీ చేతిరాతకు మనకు దొరికిన తొలి నమూనాలలో అది ఒకటి. రచయిత్రి ఇక్కడ ఊహలు అల్లకుండా ఆ పంక్తులనే మాట్లాడనిచ్చారు.

క్రీ.పూ. 42లో 1,400 మంది సంపన్న స్త్రీలపై వేసిన పన్నును వారి తరఫున హోర్టెన్సియా అనే స్త్రీ బహిరంగంగా ఎదిరించిన ఘట్టాన్ని మాత్రం రెండు పేజీల్లో ముగించేశారు. పదవుల్లోనూ పాలనలోనూ మాకు భాగం లేనప్పుడు పన్నెందుకు కట్టాలని ఆమె అడిగినట్లు చరిత్రకారుడు అప్పియన్ రాశాడు. పన్ను కట్టవలసిన స్త్రీల సంఖ్య చివరకు 400కు తగ్గింది. దీనికి ఒక అధ్యాయమే కేటాయించవలసింది.

వంశవృక్షం లేకపోవడం మరో ఇబ్బంది. రోమన్ కుటుంబాలలో కూతుళ్లకు సాధారణంగా వంశనామమే పేరు కావడంతో జూలియాలు, అగ్రిప్పీనాలు తరం తరంలోనూ ఎదురవుతారు. ఎవరు ఎవరి కూతురో గుర్తుపెట్టుకోవడానికి నేను చివరి ఖాళీ పేజీలో సొంతంగా ఒక పటం గీసుకోవలసి వచ్చింది.