పాత కారులో కొత్త మోడల్ మీటర్ బోర్డు: చాలాకాలం వాడాక నా మాట

పాత కారుకి తర్వాతి మోడల్ మీటర్ బోర్డు పెడదామనుకునేవాళ్లు మొదట అడిగేది, డ్యాష్‌బోర్డులో పడుతుందా అని. పడుతుంది. లోపలి ప్లాస్టిక్ కాస్త అరగదీసి రెండు బ్రాకెట్లు చేయించుకుంటే కూర్చుంటుంది. అసలు పనంతా వైర్ల అవతలి చివర, సెన్సార్ల దగ్గర ఉంటుంది.

నా పాత మీటర్ గేర్‌బాక్స్ నుంచి వచ్చే కేబుల్‌తో తిరిగేది, కొత్తదానికి కావాల్సింది పల్సులు, అంటే బండి కదిలే కొద్దీ సెన్సార్ పంపే చిన్న చిన్న కరెంటు సంకేతాలు. కేబుల్ తీసిన చోటే స్పీడ్ సెన్సార్ బిగించి, లెక్క కుదరడానికి మధ్యలో చిన్న కన్వర్టర్ పెట్టి, ఫోన్ జీపీఎస్‌తో సరిచూశాను. ముల్లు కాస్త ఎక్కువ చూపిస్తే ఫర్వాలేదు గానీ తక్కువ చూపించకూడదు (ఐక్యరాజ్యసమితి వాహన నిబంధన 39 చెప్పేదీ అదే). ఈ రోజుకీ స్పీడ్ చక్కగా చూపిస్తోంది.

పెట్రోల్ ముల్లుతో మాత్రం సహనం కావాలి. ట్యాంకులో పెట్రోల్ మీద తేలే ఫ్లోట్ ఇచ్చే ఓమ్స్ (కరెంటుకి ఎంత అడ్డు ఉందో చెప్పే కొలత) ఒక్కో కారుకి ఒక్కోలా ఉంటాయి, కొన్నింటిలో నిండుగా ఉన్నప్పుడు ఎక్కువ, కొన్నింటిలో ఖాళీ అయినప్పుడు ఎక్కువ. మల్టీమీటర్‌తో రెండు చివర్లూ కొలవకుండా మీటర్ కొనొద్దు. నాది రెండు చివర్లూ కలిసింది కానీ మధ్యలో కలవలేదు, సగం అని చూపించేటప్పటికి సగం కంటే తక్కువే ఉంటుంది, అలవాటైపోయింది.

ఇప్పుడు ఎవరూ చెప్పని సంగతి, బ్యాటరీ లైటు. చాలా పాత కార్లలో అది ఊరికే వెలిగే దీపం కాదు, ఆ బల్బు గుండా వెళ్లే కరెంటే ఆల్టర్నేటర్‌ని (ఇంజన్‌తో తిరుగుతూ బ్యాటరీని ఛార్జ్ చేసేదాన్ని) మేల్కొలుపుతుంది. కొత్త మీటర్లో దాని చోట ఎల్‌ఈడీ ఉంటే అంత కరెంటు పోదు, దాంతో ఇంజన్ స్టార్టయినా ఛార్జింగ్ మొదలవ్వదు, ఒకసారి గట్టిగా రేజ్ చేస్తే గానీ రాదు. బ్యాటరీ పాడైందనుకుని మార్చేసేవాళ్లు ఉంటారు. ఎల్‌ఈడీకి ప్యారలల్‌గా 3 వాట్ల మామూలు బల్బు ఒకటి వెనకాల దాచి కలిపితే సరి, నా కారులో ఇప్పటికీ అదే నడుస్తోంది.

మీటర్ క్యాన్ బస్‌తో (కారులోని చిన్న కంప్యూటర్లు ఒకదానికొకటి మెసేజ్‌లు పంపుకునే వైర్ల జత) పనిచేసే రకం అయితే తిప్పలు వేరు. కారులో లేని కంప్యూటర్ల మెసేజ్‌లన్నీ దానికి తయారుచేసి పంపాలి, లేకపోతే ఏబీఎస్, ఎయిర్‌బ్యాగ్ లైట్లు ఆరవు. ఎలక్ట్రానిక్స్ మీద ఇష్టం ఉంటే తప్ప ఆ జోలికి పోవద్దనే అంటాను. ఏ రకమైనా మార్చిన రోజు పాత, కొత్త కిలోమీటర్ల రీడింగులు రెండూ రాసి బండి కాగితాల్లో పెట్టుకోండి, అమ్మేటప్పుడు కొనేవాడికి చూపించాలి.

రాత్రిపూట చదవడానికి ఇది పాతదానికంటే ఎన్నో రెట్లు నయం, ఆర్‌పీఎం మీటర్ అదనపు లాభం. నచ్చనిదల్లా టెంపరేచర్ ముల్లు. కారు ఎత్తెక్కితే పాత ముల్లు పైకి, దిగితే కిందికి కదిలేది, ఇంజన్ ఎలా ఉందో తెలిసేది. కొత్తది సుమారు 80 నుంచి 100 డిగ్రీల దాకా నడిమధ్యనే నిలబడి ఉంటుంది, డ్రైవర్ టెన్షన్ పడకూడదని కంపెనీలు కావాలనే అలా చేస్తాయి. పాత కారుకి ఆ ధీమా పనికిరాదు. అందుకని విడిగా సెన్సార్ పెట్టించి మామూలు గేజ్ ఒకటి స్టీరింగ్ పక్కన బిగించాను, చూడ్డానికి అతుకులా ఉంటుంది గానీ ఎత్తు రోడ్డు వస్తే నేను చూసేది దాన్నే.