తలతన్యతకు చుక్కల గొట్టమా, ప్లాటినం రింగా?

సబ్బులాంటి రసాయనమైన సోడియం లారిల్ సల్ఫేట్ నీళ్లలో కలిపి తలతన్యత (ద్రవ ఉపరితలపు బిగువు) చూడాలి. చవగ్గా అయ్యేది స్టాలగ్మోమీటర్: గాజు గొట్టం, బల్బుకు పైనొక గీత, కిందొక గీత. ఆ రెండు గీతల మధ్య నీళ్లెన్ని చుక్కలు, ద్రావణమెన్ని చుక్కలు రాలాయో లెక్కపెట్టి, రెండింటి సాంద్రతలనూ లెక్కలోకి తీసుకుంటే సరి. ఆల్కహాల్ కలిపిన నీళ్లకైతే నేను ఇదే వాడమంటాను.

సబ్బు జాతితోనే చిక్కంతా. అణువులు ఉపరితలానికి చేరడానికి కాస్త టైం కావాలి. చుక్కలు గబగబా రాలితే అవి సర్దుకునేలోపే చుక్క పడిపోతుంది, విలువ ఉన్నదానికంటే ఎక్కువ వస్తుంది. గొట్టం పైచివర వేలితోనో క్లిప్పుతోనో అదుపు చేస్తూ, ఒక్కో చుక్కనూ వేలాడనివ్వాలి. ఓపిక లేనివాళ్ల పని కాదు.

డ్యూ నోయ్ రింగ్, అంటే ద్రవంలోంచి పైకి లాగడానికి పట్టే బలాన్ని కొలిచే ప్లాటినం రింగ్, ఖరీదైనదే. ప్రతి రీడింగుకు ముందు మంటలో ఎర్రగా కాల్చాలి, రవ్వంత వంగినా పనికిరాదు, దిద్దుబాటు గుణకం వేయాలి. అయినా రీసెర్చికి నా ఓటు దీనికే. ఉపరితలం నిమ్మళించాక కొలవచ్చు. గాఢత పెంచుతూ తలతన్యత గ్రాఫ్ గీస్తే, లీటరుకు 8 మిల్లీమోల్స్ దగ్గర అది చదునవుతుంది. అక్కడే చిన్న గుంట కనిపిస్తే రసాయనంలో డోడెకనాల్ (ఈ రసాయనం తయారీలో మిగిలిపోయే ఆల్కహాల్) మలినం ఉందని అనుమానించాలి.

ఇక విశాఖ ఎండ. నీటి తలతన్యత 20 డిగ్రీల దగ్గర మీటరుకు 72.8 మిల్లీన్యూటన్లు, 30 దగ్గర 71.2. ఏసీ లేని ల్యాబులో మే నెలలో పుస్తకంలోని 72.8 పెట్టేసి చుక్కల లెక్క కట్టకండి.