మ్యాన్ టు మ్యాన్‌కు కాళ్లు, జోన్‌కు పథకం: అంతేనా?

బాస్కెట్‌బాల్ డిఫెన్స్‌లో మ్యాన్ టు మ్యాన్ (ఒక్కొక్కరు ఒక్కో ప్రత్యర్థిని కాయడం) అంటే కష్టం, 2-3 జోన్ (ముందు ఇద్దరు, వెనక ముగ్గురు నిలబడి ఎవరి చోటును వాళ్లు కాయడం) అంటే తెలివి అనుకుంటారు. నిజానికి రెంటికీ రెండూ కావాలి, వాటా మారుతుందంతే.

నేర్పడం: మ్యాన్ టు మ్యాన్ మొదటి రోజే మొదలుపెట్టొచ్చు. జోన్‌కు ఎక్కువ సాధన కావాలి. బంతి గాలిలో ఉండగానే ఐదుగురూ జరగాలి; అవతలివాడి చేతికి చేరాక జరిగితే ఆలస్యమే.

అలసట: మ్యాన్ టు మ్యాన్‌లో ఎక్కువ. కాళ్లు బరువెక్కితే చేతులు ముందుకొస్తాయి, ఫౌల్స్ పెరుగుతాయి. ఫిబా (అంతర్జాతీయ బాస్కెట్‌బాల్ సమాఖ్య) నియమాల్లో 5 ఫౌల్స్‌కు ఆటగాడు బయటికే.

ఎక్కడ చిల్లు పడుతుంది: మ్యాన్ టు మ్యాన్‌లో స్క్రీన్ (కాసేవాడి దారికి ప్రత్యర్థి అడ్డంగా నిలబడడం) దగ్గర. "స్క్రీన్ ఎడమవైపు!" అని వెనకవాడు అరవకపోతే ఎంత పరుగెత్తినా వృథా. జోన్‌లో ఫ్రీ త్రో లైన్ మధ్య, రెండు మూలలు. అంతకన్నా పెద్ద చిల్లు రీబౌండ్ (గురి తప్పిన బంతిని అందుకోవడం). ఫలానావాడు నీవాడు అని ఉండదు కాబట్టి అందరూ బంతినే చూస్తూ నిలబడతారు. షాట్ వేయగానే దగ్గర్లో ఉన్నవాణ్ని వీపుతో అడ్డుకోవాలి. ఇక్కడ పథకం అక్కరకు రాదు, పట్టుదలే.

నియమం: అమెరికా లీగ్ ఎన్‌బీఏ 2001-02 నుంచి జోన్‌ను అనుమతించినా, ఎవరినీ దగ్గరగా కాయని డిఫెండర్ పెయింట్‌లో (బుట్ట ముందున్న గడిలో) 3 సెకన్లు దాటి ఉండకూడదు. ఫిబాలో ఆ అడ్డు లేదు.

బెంచ్ (మార్చి దించే ఆటగాళ్లు) బలంగా, కాళ్లు చురుగ్గా ఉంటే మ్యాన్ టు మ్యాన్. ప్రత్యర్థికి దూరపు షూటర్లు లేకపోయినా, మీ పొడగరి నాలుగో ఫౌల్‌లో ఉన్నా జోన్. ఆఖర్లో వెనకబడితే మాత్రం జోన్ వదిలేయండి, అవతలివాళ్లు నింపాదిగా షాట్‌కు ఉండే 24 సెకన్లూ కరిగించేస్తారు.