డిస్నీలాండ్ హోటల్: పాత టవర్లా, కొత్త టవరా?

కాలిఫోర్నియాలో ఉన్నవాళ్లు ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నల్ని, పిల్లల్ని కలిపి డిస్నీలాండ్ చూపించడానికి అనహైమ్ తీసుకెళ్తుంటే హోటల్ పేరు ఖాయం చేసుకుంటే సరిపోదు, టవర్ కూడా చూసుకోవాలి. డిస్నీలాండ్ హోటల్ అనే ఒకే బోర్డు కింద ఇప్పుడు నాలుగు టవర్లున్నాయి. గది, వంట, పన్ను, శుభ్రం చేసే పద్ధతి అన్నిట్లోనూ తేడా ఉంది.

పార్కు తెరిచిన 1955లోనే ఈ హోటలూ మొదలైంది. కట్టింది డిస్నీ కాదు, జాక్ రాథర్ అనే వ్యాపారవేత్త. 1988లో గానీ డిస్నీ చేతికి రాలేదు. 1960, 70 దశకాల్లో ఒక్కో టవర్ చొప్పున పెరిగింది కాబట్టి అడ్వెంచర్, ఫాంటసీ, ఫ్రాంటియర్ మూడూ దేనికది విడిగా, మధ్యలో ఈతకొలనులతో ఉంటాయి. నాలుగోది 12 అంతస్తుల డిస్కవరీ టవర్, 2023 సెప్టెంబరు 28న తెరిచారు. బుకింగ్‌లో ఇది ‘విల్లాస్’ పేరుతో కనిపిస్తుంది.

పొద్దున వెళ్లి రాత్రి బాణసంచా చూసి వచ్చి పడుకునే నలుగురికి పాత టవర్లే చాలు. రెండు క్వీన్ మంచాలు, చిన్న ఫ్రిజ్, కాఫీ మేకర్ ఉంటాయి. వంటకు మాత్రం వీలు లేదు. బాణసంచా కనిపించే గదికి అదనంగా పెట్టే డబ్బు దండగ అనిపిస్తుంది, ఆ వేళకి అందరూ పార్కులోనే ఉంటారు.

కొత్త టవర్లో డ్యుయో స్టూడియో ఇద్దరికే. చౌకగా ఉందని పసిపిల్లతో ముగ్గురు దిగితే పెట్టెలు తెరవడానికి కూడా చోటుండదు. డీలక్స్ స్టూడియోలో నలుగురు పడుకోవచ్చు, మైక్రోవేవ్ ఉంటుంది కానీ స్టవ్ ఉండదు. పెద్దవాళ్లకు పూటపూటా అన్నం కావాలంటే వన్ బెడ్రూమ్ తీసుకోవాలి. పూర్తి వంటగదితో పాటు బట్టలు ఉతికి ఆరబెట్టే మిషన్లూ ఉంటాయి. అక్కడ పోపు పెట్టేటప్పుడు ముందే ఎగ్జాస్ట్ వేసి, మంట తగ్గించి పెట్టండి. ఎండుమిరపకాయలు మాడితే పొగ అలారం మోగుతుంది.

అనహైమ్‌లో గది అద్దె మీద 15 శాతం బస పన్ను, ఆపైన 2 శాతం పర్యాటక రుసుము పడతాయి. రాత్రికి 500 డాలర్ల గది 585 అవుతుంది, పార్కింగ్ దీనికి అదనం. డిస్నీ వెకేషన్ క్లబ్ సభ్యులు ముందే కొనుక్కున్న పాయింట్లతో గదులు తీసుకుంటారు, ఆ పాయింట్లు వాళ్ల దగ్గర అద్దెకు తీసుకుంటే చాలాసార్లు తక్కువలో వస్తుంది. కానీ ఈ టవర్లో పాయింట్ల మీద దిగినా బస పన్ను కట్టాలి. అది ఎవరు కడతారో ఒప్పందంలో రాయించుకోవాలి. పాయింట్ల బసలో రోజూ గది ఊడవరు, వారం లోపు బసకు నాలుగో రోజున తువ్వాళ్లు మార్చి చెత్త తీస్తారు, అంతే. అద్దె పాయింట్లకు సాధారణంగా రద్దు, వాపసు ఉండవు. వీసా చేతికి రాకముందే డబ్బు కట్టేయకండి.

ఏ టవర్లో దిగినా పార్కు గేటుకి దుకాణాలు, హోటళ్లున్న డౌన్‌టౌన్ డిస్నీ వీధి మీదుగా పది, పదిహేను నిమిషాల నడక. మోకాళ్ల నొప్పులున్న పెద్దలకు మోనోరైల్ మేలు, అయితే పార్కు టికెట్ ఉంటేనే ఎక్కనిస్తారు. అది డిస్నీలాండ్ లోపల టుమారోలాండ్‌లో దింపుతుంది. పక్కనున్న రెండో పార్కు కాలిఫోర్నియా అడ్వెంచర్ చూసే రోజున దాన్ని నమ్ముకుని లాభం లేదు.

ఫ్లోరిడాలోని డిస్నీ వరల్డ్‌లో కొత్త టవర్లను పాత రిసార్టులకు ఇంకోలా జోడించారు. కాంటెంపరరీ రిసార్ట్ పక్కన 2009లో వచ్చిన బే లేక్ టవర్‌కి వంతెన వేశారు, వానలో కూడా పెద్దగా తడవకుండా మోనోరైల్ ఎక్కవచ్చు. పెద్దలతో వెళ్లేవాళ్లకు అన్నిటికన్నా మంచి అమరిక అదే. కొరొనాడో స్ప్రింగ్స్ రిసార్ట్‌లో 2019 నాటి గ్రాన్ డెస్టినో టవర్‌లోకి రిసార్ట్ లాబీ మొత్తం మార్చారు, కానీ పిరమిడ్ ఉన్న పెద్ద ఈతకొలను సరస్సుకు అవతలే ఉండిపోయింది. పాలినేషియన్ రిసార్ట్‌లో 2024 డిసెంబరులో తెరిచిన ఐలాండ్ టవర్ మ్యాజిక్ కింగ్‌డమ్ పార్కుకి నడిచి వెళ్లే దారికి దగ్గర, ఎప్‌కాట్ పార్కు మోనోరైల్ ఎక్కే చోటికి దూరం.

అనహైమ్‌లో కట్టకుండా ఆగిపోయిన హోటల్ కూడా ఒకటుంది. 700 గదుల లగ్జరీ హోటల్ కోసం 2018లో డౌన్‌టౌన్ డిస్నీలో సినిమా హాలు, రెయిన్‌ఫారెస్ట్ కఫే మూసేశారు. నగరంతో పన్ను రాయితీ వివాదం తెగక ఆ పథకాన్నే వదిలేశారు. 2024లో మాత్రం నగర మండలి కొత్త విస్తరణకు అనుమతి ఇచ్చింది. పదేళ్లలో కనీసం 190 కోట్ల డాలర్లు పెడతామని డిస్నీ మాట ఇచ్చింది కాబట్టి చుట్టుపక్కల పనులు సాగుతూనే ఉంటాయి. బుక్ చేసేముందు ఫోన్ చేసి మీ తేదీల్లో ఏ కొలను మూసి ఉంటుందో, పని ఏ వైపు జరుగుతుందో అడగండి. గది కేటాయింపు ముందే జరిగిపోతుంది గనుక అవతలి వైపు గది కావాలన్న మాట చెకిన్‌కి కొన్ని రోజుల ముందే రాయించండి.

శాకాహారులైన పెద్దలుంటే కారు ఉంచుకోండి. దగ్గర్లోని ఆర్టీషియా ఊళ్లో పయనీర్ బులెవార్డ్ మీద మన భోజనం, పెరుగు, పచ్చళ్లు అన్నీ దొరుకుతాయి. ట్రాఫిక్ లేకపోతే అరగంట లోపే.