చైన్ సా కొనేవాళ్లు జాగ్రత్త: "ఫోర్ స్ట్రోక్, ఆయిల్ కలపక్కర్లేదు" అంటే నమ్మకండి

మామిడి కోతలు అయిపోయాయి, తోటల్లో కొమ్మలు కత్తిరించే పని మొదలైంది. చాలామంది చిన్న చైన్ సా (గొలుసు రంపం) కొనేది ఇప్పుడే. కొనే ముందు దయచేసి ఇది చదవండి. నేను 7,800 పెట్టి కొన్న మిషను అరగంటలో పట్టేసింది.

మాది నూజివీడు దగ్గర తోట. కూలీలు దొరక్క 58 సీసీ పెట్రోల్ రంపం తీసుకుందామని వెళ్లాను. షాపు పేరు రాయను. ఇంట్లో ఉన్న బ్రష్ కట్టర్ (గడ్డి కోసే మిషను) ఫోర్ స్ట్రోక్‌ది, అంటే ఇంజినాయిల్ విడిగా ఇంజిన్ అడుగునే ఉంటుంది. నాలుగేళ్లుగా ఆయిల్ కలిపే పని లేకుండా చక్కగా నడుస్తోంది. అందుకని రంపం కూడా ఫోర్ స్ట్రోక్‌దే ఇమ్మన్నాను. కౌంటర్లో కుర్రాడు ఒకటి తీసి రెండు మూతలు చూపించాడు. "ఇది పెట్రోల్‌కండీ, ఇది ఆయిల్‌కి. ఆయిల్‌కి వేరే ట్యాంకు ఉందంటే ఫోర్ స్ట్రోకే కదండీ. బంకులో పెట్రోల్ కొట్టించి పోసెయ్యండి" అన్నాడు. రెండో మూత తీసి తనే ఇంజినాయిల్ పోసిచ్చాడు.

ఆ రెండో ట్యాంకు ఇంజిన్‌ది కాదండీ, చైనుది. బారు (చైను తిరిగే పొడుగాటి పలక) మీద చైను ఒరుసుకుని వేడెక్కకుండా చిన్న పంపు ఆ నూనెను బారు గాడిలోకి పంపుతుంది. ఇంజిన్‌లోకి ఒక్క చుక్క కూడా పోదు. పెట్రోల్ చైన్ సా ఏ కంపెనీదైనా ఈ రెండు మూతలూ ఉంటాయి. అసలు వేరే ట్యాంకు ఉంటే ఫోర్ స్ట్రోక్ అనే లెక్కే తప్పు. పాత యమహా ఆర్‌ఎక్స్ 100 బండికి టూటీ ఆయిల్ (టూ స్ట్రోక్ ఇంజిన్లకి వాడే నూనె) ట్యాంకు విడిగానే ఉండేది, అది టూ స్ట్రోక్ బండే.

టూ స్ట్రోక్‌లో పిస్టన్‌కి, క్రాంకు బేరింగులకి అందే నూనె పెట్రోల్‌లో కలిసి వచ్చేదే. నాకిచ్చింది టూ స్ట్రోక్ రంపమే, నేనేమో ఉత్త పెట్రోల్ పోశాను. నాలుగు కొమ్మలు కోసేసరికి లాగుడు తగ్గింది, ఇంకో కొమ్మ మీద పెట్టగానే ఆగిపోయింది. తర్వాత తాడు లాగితే కదల్లేదు. మెకానిక్ సైలెన్సర్ విప్పి ఆ రంధ్రంలోంచి చూపించాడు: పిస్టన్ నిండా నిలువు గీతలు. బోరు, పిస్టన్ రెండూ మార్చాలన్నాడు. షాపువాళ్లేమో "ఆయిల్ కలపకపోతే వారంటీ రాదు" అన్నారు. కలపొద్దని చెప్పింది వాళ్లే. ఆ మాటకే నాకు ఎక్కువ బాధ కలిగింది.

ఆ తర్వాత ఎంత వెతికినా మన షాపుల్లో నిజమైన ఫోర్ స్ట్రోక్ చైన్ సా ఒక్కటీ నాకు కనబడలేదు. కారణం ఉంది. చెట్టు మొదలు కోసేటప్పుడు రంపాన్ని పక్కకి పడుకోబెడతాం, కొమ్మల్లో తలకిందులు చేస్తాం. మామూలు ఫోర్ స్ట్రోక్‌కి అడుగున ఆయిల్ నిలవుండాలి, అలా తిప్పితే అది చోటు మారిపోతుంది. హోండా జీఎక్స్ 35 లాంటివి ఎటు వంచినా నడిచేలా చేశారు, కానీ అవి బ్రష్ కట్టర్లకి. రంపం ఇంజిన్ నిమిషానికి 12,000 చుట్లు దాకా తిరగాలి, చేతిలో తేలిగ్గానూ ఉండాలి. ఫోర్ స్ట్రోక్‌కి కావాల్సిన వాల్వులు, వాటిని తెరిచే క్యామ్ చేర్చితే బరువు పెరుగుతుంది. ఇంకో సంగతి: స్టిల్ కంపెనీ వాళ్ల ఫోర్-మిక్స్ ఇంజిన్ ఫోర్ స్ట్రోకే, అయినా అందులోనూ ఆయిల్ కలిపిన పెట్రోలే పోయాలి.

కొనేటప్పుడు పెట్రోల్ మూత చూడండి. బంకు బొమ్మ, పక్కన చుక్క ఉంటే ఆయిల్ కలపాలని గుర్తు. ఇంజిన్‌కి ఆయిల్ కొలిచే డిప్ స్టిక్ ఎక్కడుందో చూపించమనండి. చూపించలేకపోతే అది టూ స్ట్రోకే.

ఇలా చెప్పగా ఇప్పటికే కొన్నవాళ్లుంటే స్టార్ట్ చేయకండి, ట్యాంకులో పెట్రోల్ ఒంపేయండి. మిషనుతో ఇచ్చిన పుస్తకంలో 25:1 (25 పాళ్ల పెట్రోల్‌కి ఒక పాలు ఆయిల్) అని ఉంటే లీటరు పెట్రోల్‌కి 40 మిల్లీలీటర్ల ఆయిల్, 50:1 అయితే 20. కలపాల్సింది టూటీ ఆయిల్, బైకు ఇంజినాయిల్ కాదు. డబ్బాలో బాగా కలిపాకే ట్యాంకులో పోయండి.

వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు పెట్టాను. నా బిల్లు మీద "చైన్ సా 58 సీసీ" అని తప్ప ఫోర్ స్ట్రోక్ అన్న మాట లేదు, అదే ఇప్పుడు ఇబ్బందిగా ఉంది. మీకు ఎవరైనా ఫోర్ స్ట్రోక్ అని చెప్తే ఆ మాట బిల్లు మీద రాసి సంతకం పెట్టమనండి. రాయనంటే మిషను అక్కడే వదిలేసి రండి.