పోపు పెడితే మోగే అలారం బాధ తీరింది

నల్గొండలో మాది చిన్న హాస్టల్. ఎండుమిర్చి పోపు వేస్తే చాలు, వంటగదిలో స్మోక్ డిటెక్టర్ మోగేది. ఒకసారి వాచ్‌మన్ కంగారుపడి 101కి ఫోన్ చేశాడు. ఫైరింజన్ వచ్చేసింది, తీరా చూస్తే మూకుడులో మాడిన మిర్చి! తలెత్తుకోలేకపోయాను.

ఈ ఫైర్ అలారం సర్వీసు కుర్రాడు వంటగదిలోది తీసేసి హీట్ డిటెక్టర్ బిగించాడు. దాని మీద 57 డిగ్రీలని రాసి ఉంది, అంత వేడి తగిలితేనే మోగుతుంది, పొగకు మోగదు. బాత్రూం తలుపు దగ్గరిదాన్ని ఆవిరి తగలకుండా దూరంగా జరిపాడు. వరండాలోది విప్పితే లోపల దుమ్ము, ఓ బుల్లి సాలెపురుగు! అవీ అలారం మోగిస్తాయట. శుభ్రం చేసి, పొగలాంటి టెస్ట్ స్ప్రే కొట్టి, మోగించి మరీ చూపించాడు.

రెండు గంటలు లేటుగా వచ్చాడు, బిల్లూ తక్కువేం కాదు. అందుకే నాలుగు స్టార్లు. నిన్న పోపుకు పిల్లలంతా దగ్గారు, అలారం మాత్రం మోగలేదు.