థర్మోస్టాట్ పీకేయాలా, కొత్తది వేయాలా?

పాత మారుతి 800లో టెంపరేచర్ సూది ఎర్ర గీత వైపు పోతోంది, రేడియేటర్ పై పైపు మాత్రం చల్లగానే ఉంది. కూలెంట్ (ఇంజిన్‌ని చల్లబరిచే ద్రవం) సరిపడా ఉంటే, అనుమానం థర్మోస్టాట్ మీదే. ఇంజిన్ వేడెక్కాక కూలెంట్‌ని రేడియేటర్‌కి వదిలే వాల్వ్ ఇది: తెరుచుకోవడం లేదు. (ఇంజిన్ వేడి మీద రేడియేటర్ మూత తిప్పొద్దు!)

దాన్ని పీకేస్తే పైసా ఖర్చు లేదు. ఎలాగోలా ఇల్లు చేరడానికి పర్లేదు. కానీ రోజూ అలాగే తిప్పితే పొద్దున్నే ఇంజిన్ వేడెక్కడానికి చాలాసేపు పడుతుంది, పెట్రోల్ ఎక్కువ తాగుతుంది.

నేనైతే కొత్తదే వేస్తాను. బిగించే ముందు గిన్నెలో నీళ్లు పోసి, అందులో వేసి మరిగిస్తాను. సుమారు 82 డిగ్రీల దగ్గర వాల్వ్ మెల్లగా నోరు తెరవాలి. గ్యాస్కెట్ (అతుకు దగ్గర కారకుండా పెట్టే సీలు) కూడా మార్చాలి, పాతది కారుతుంది. అయినా సిగ్నళ్ల దగ్గర ఆగినప్పుడే వేడెక్కుతుంటే, ఫ్యాన్ తిరుగుతోందో లేదో చూడాలి.